చాయ్ అయ్యేలోపు

ఆయన గురించి నాకు కచ్చితంగా తెలిసిన విషయాలు పద్నాలుగు. మొన్న ఆదివారం పొద్దున కాగితం మీద రాసుకున్నాను. అందులో తొమ్మిది నాకు నచ్చనివి. మిగిలిన ఐదూ నాకు లేనివి.

ఆయన పోయి నెల కావస్తోంది. ఆఫీసులో అందరం ఒక పూట కూర్చుని నాలుగు మాటలు చెప్పుకుందామని అనుకున్నాం. "నువ్వే రాయవయ్యా, ఆయనతో ఎక్కువ తిరిగింది నువ్వేగా" అన్నారు మా పెద్దసార్. తిరిగిన మాట నిజమే. నాలుగేళ్లలో పదకొండు సైట్లు. పదకొండింటిలోనూ ఆయన పక్కన నిలబడి అసూయపడ్డాను. ఆ మాట ఆఫీసులో లేచి నిలబడి చదవలేను కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. ఇది చదివితే మావాళ్లకు ఒక కొత్త సంగతి తెలుస్తుంది. తెలియనివ్వండి.

మాది మట్టి పరీక్షల లాబ్. సికింద్రాబాద్ పద్మారావు నగర్‌లో ఒక పాత ఇంటి కింది భాగం. పై అంతస్తులో పెద్దసార్ గది. ఎవరైనా ఏదైనా కట్టే ముందు అక్కడ బోరు వేయించి, లోపలి మట్టి తెచ్చి, అది ఎంత బరువు మోస్తుందో, తడిస్తే ఏమవుతుందో చెబుతాం. నేను ఎం.టెక్. చేసి ఇంజనీరుగా చేరాను. ఆయన అప్పటికే ఇరవై ఏళ్లకు పైగా అక్కడే ఉన్నాడు. చదువు పదో తరగతి, ఉద్యోగం ఫీల్డ్ అసిస్టెంటు. బోరు వేస్తుంటే పక్కన నిలబడి, ఎంత లోతులో ఏ మట్టి తగిలిందో షీటు మీద రాయడం ఆయన పని. ఆ షీటును మేము లాగ్ అంటాం.

ముందు చొక్కా సంగతి. ఎప్పుడూ తెల్ల చొక్కాయే. బురద పనికి తెల్ల చొక్కా ఏమిటని ఎవరూ అడిగేవారు కాదు, దానికి మట్టి అంటేది కాదు కాబట్టి. ఐదు రోజుల సైటులో నా బూట్లు, ప్యాంటు, ఫోను, ఒకసారి కళ్లద్దాలు కూడా ఎర్రబడ్డాయి. ఐదో రోజు సాయంత్రం కూడా ఆయన చొక్కా చేతుల మీద ఇస్త్రీ మడత కనిపించేది. ఉండబట్టలేక అడిగాను.

"మట్టి కాడికి నువ్వు ఉరుకుతున్నవ్ సారూ. నేను దాన్నే నా కాడికి రమ్మంట" అన్నాడు.

ఇది జాబితాలో మొదటిది. నచ్చనివాటిలో ఉంది.

రెండోది దారం. మట్టిలో ఎంత తేమ ఉన్నంతవరకు అది ముద్దగా మలుచుకోవడానికి లొంగుతుందో తెలుసుకునే పరీక్ష ఒకటుంది. తడి ముద్దను గాజు పలక మీద అరచేత్తో దొర్లించి దారంలా సాగదీయాలి. సరిగ్గా మూడు మిల్లీమీటర్ల మందానికి వచ్చినప్పుడు అది పగిలితే, అప్పుడు దానిలో ఉన్న తేమ మనకు కావలసిన అంకె. మందం పోల్చుకోవడానికి నా దగ్గర మూడు మిల్లీమీటర్ల ఉక్కు కడ్డీ ఉండేది. ఆయన దగ్గర అరచెయ్యి తప్ప ఏమీ లేదు. ఒక మధ్యాహ్నం అందరూ భోజనానికి బయటికి పోయినప్పుడు, ఆయన పలక మీద వదిలేసిన మూడు దారాలను వెర్నియర్‌తో కొలిచాను. 3.0, 3.1, 3.0. తర్వాత నావి కొలిచాను. 3.4, 2.8, 3.3. వెర్నియర్ తుడిచి డబ్బాలో పెట్టేశాను. ఆ అంకెలు ఎక్కడా రాసుకోలేదు. రాసుకోకపోయినా పోలేదు.

అన్నం దగ్గర కూడా ఆయన చెయ్యి ఊరుకునేది కాదు. టిఫిన్ డబ్బాలోంచి చపాతీ ముక్క తుంచి, మూత మీద దొర్లించి చూసి, "నీళ్లు తక్కువైనయ్. ఇయ్యాల మా ఇంటామెకు నా మీద కోపమున్నది" అనేవాడు. అందరూ నవ్వేవారు. నేనూ నవ్వేవాడిని, కొంచెం ఆలస్యంగా.

మూడోది చాయ్. దీన్ని కాస్త వివరంగా చెప్పాలి. ఎదురుగా ఉన్న హోటల్ నుంచి పదకొండింటికి ఒకసారి, నాలుగింటికి ఒకసారి చాయ్ వచ్చేది. రాగానే ఆయన ఇంకో గాజు గ్లాసులో నీళ్లు పోసేవాడు. ఆ రోజు వచ్చిన శాంపిళ్లలోంచి రేగిపండంత గడ్డను ఏరి అందులో వేసేవాడు. గ్లాసును కిటికీ గట్టు మీద పెట్టి, దానికి ఎదురుగా స్టూలు వేసుకుని చాయ్ తాగేవాడు. చాయ్ అయ్యేలోపు గడ్డ ఏం చేసిందన్నదే పరీక్ష. ఫలితాలు మూడు రకాలు: నిలబడ్డది, పొట్టు రాలింది, పోయింది.

"మీరు చాయ్ తొందరగా తాగేస్తే?" అని అడిగాను, చేరిన కొత్తలో.

"తాగ."

"ఆలస్యంగా తాగితే?"

"చల్లారిన చాయ్ ఎవడు తాగుతడు సారూ? నువ్వు తాగుతవా?"

నేను వారం రోజులు గడియారం పెట్టి చూశాను. ఎనిమిది నిమిషాలు. అర నిమిషం అటూ ఇటూ. ఇంతకుమించి తేడా వస్తే ఆ రోజు చాయ్‌లో అల్లం ఎక్కువైందని అర్థం.

నేను ఫలితాల షీట్లు పట్టుకుని పైకి వెళితే పెద్దసార్ అంకెలన్నీ శ్రద్ధగా చూసేవారు. చూసి, కళ్లద్దాలు తీసి, "కింద ఆయన ఏమంటున్నాడు?" అని అడిగేవారు. ప్రతిసారీ. రెండేళ్ల పాటు నేను ఆ ప్రశ్న రాకుండా ఉండేలా షీట్లు తయారు చేయాలని చూశాను. గ్రాఫులకు రంగులు వేశాను. ఫుట్‌నోట్లు పెట్టాను. అయినా అడిగేవారు.

ఆయన ఎప్పుడూ తప్పు చెప్పలేదని అనుకోవద్దు. ఒకసారి బొల్లారం వైపు ఒక ప్లాటులో చుట్టూ తిరిగి, మడమతో నేల తన్ని, "రెండు మీటర్లకు రాయి" అన్నాడు. ఆరు మీటర్లు పోయినా రాయి తగల్లేదు. ఆ లాగ్ షీటును ఫోనులో ఫోటో తీసుకున్నాను. ఇప్పటికీ ఉంది. వారం రోజులు హాయిగా తిన్నాను, పడుకున్నాను. కానీ ఆయన ఊరుకున్నాడా? చాయ్ ఇచ్చేవాడి నుంచి క్లయింట్ల వరకు కనిపించిన ప్రతివాడికీ తనే చెప్పుకున్నాడు: "రెండన్న, ఆరు దాటింది! మడమ మోసం చేసింది!" అందరూ ఆయనతో కలిసి నవ్వారు. నా సంతోషాన్ని కూడా ఆయనే ఖర్చు పెట్టేశాడు.

ఇక గుట్ట సంగతి.

మా ఊళ్లో ఎక్కడ తవ్వినా గ్రానైటే. పైన కాస్త ఎర్ర మొరం, దాని కింద రాయి. రాయి అంటే రాయి, మొరం అంటే మొరం. ఒకటి రెండోదానిలా నటించదు. గోదావరి వైపు కొన్ని గుట్టలు అలా ఉండవు. అక్కడి రాయి సిల్ట్‌స్టోన్. ఎప్పుడో నీళ్లలో పేరుకున్న సన్న ఒండ్రు, పొర మీద పొరగా అణిగి గట్టిపడి రాయి అయింది. ఎండకూ వానకూ అది మళ్లీ మట్టివైపు తిరుగుముఖం పడుతుంది. గుట్ట పైపైన అంతా పసుపూ గోధుమా కలిసిన బంకమన్ను. ఒక మనిషి లోతు పోతే బంకమన్నులో ఇరుక్కున్న రాతి ముక్కలు. ఇంకా లోతుకు పోతే పగుళ్లిచ్చిన రాయి. ఏది ఎక్కడ ఆగి ఏది ఎక్కడ మొదలైందో గీత గీసి చెప్పలేం. ఎండాకాలంలో ఆ మట్టి నెర్రెలు విచ్చి, గడ్డపార వేస్తే ఖంగుమంటుంది. వానాకాలంలో నీళ్లు ఆ నెర్రెల్లోంచి దిగి, కింద రాయి అడ్డం తగిలేసరికి దాని వీపు మీదే నిలుస్తాయి. అప్పుడు పైనున్న మట్టికి కాలు జారుతుంది.

అలాంటి ఒక గుట్ట వాలును తొలిచి, చదును చేసి, ఆడపిల్లల హాస్టల్ కట్టాలనుకున్నారు. తొలిచిన చోట మిగిలే మట్టిగోడ ఎంత నిటారుగా నిలబడుతుందో మేము చెప్పాలి. గోడ కింద హాస్టల్ వెనక వరుస గదులు వస్తాయి. నా పేరు మీద, నా సంతకంతో వెళ్లబోయే మొదటి రిపోర్టు అది. ఇంట్లో అమ్మకు కూడా చెప్పుకున్నాను.

ఏప్రిల్ నెల. ఐదు రోజులు ఉన్నాం. మొదటి రోజు జీపు దిగగానే నేను కొలతల టేపు తీస్తుంటే ఆయన గుట్ట మీది చెట్ల వంక చూస్తూ నిలబడ్డాడు.

"చెట్లను సూడు సారూ. మోకాళ్లు వంచి నిలబడ్డయ్."

చూశాను. ప్రతి చెట్టూ మొదట్లో కిందివైపుకు వంగి, ఆ తర్వాత నిటారుగా లేచింది.

"గాలికి అయ్యుంటుందండీ" అన్నాను.

"గాలికైతే తల వంగుతది. ఇవి కాళ్లకాడ వంగినయ్. కింద మట్టి మెల్లగ నడుస్తున్నది. అది నడిచినప్పుడల్లా చెట్టు మల్ల సీదా అయితున్నది, పాపం."

ఆ బొమ్మను నేను ఎం.టెక్. పరీక్షలో గీశాను. వంగిన చెట్లు, ఒరిగిన స్తంభాలు, బాణం గుర్తులు, కింద రెండు వాక్యాల వివరణ. పదికి తొమ్మిది మార్కులు వచ్చాయి. అసలు చెట్లు ఎదురుగా వచ్చి నిలబడితే గాలి అన్నాను. ఆయన మాత్రం ఆ బొమ్మ ఎన్నడూ చూడలేదు. నాకు ఒళ్లు మండింది, ఏప్రిల్ ఎండకు కాదు.

రెండో బోరులో మూడు మీటర్ల దగ్గర బూడిద రంగు ముక్కలు వచ్చాయి. సుత్తితో కొడితే టంగుమన్నాయి. నేను "రాయి" అన్నాను. ఆయన ఒక ముక్క కొసను పంటి కింద పెట్టి నమిలి, ఉమ్మేసి, జీపు దగ్గరికి వెళ్లి ఫ్లాస్కులోంచి చాయ్ పోసుకున్నాడు. ఇంకో గ్లాసులో నీళ్లు. ముక్క నీళ్లలో పడగానే సన్నగా బుడగలు లేచాయి. కాసేపటికి అంచులు మసకబారాయి. పొర పొరగా విచ్చుకుంది. ఆయన ఆఖరి గుక్క తాగేసరికి గ్లాసు అడుగున బూడిద రంగు బురద ఉంది.

"పోయింది" అన్నాడు. లాగ్ షీటు మీద, రిమార్కుల గడిలో, తెలుగులో రాశాడు. ఆయన చేతిరాత గుండ్రంగా ఉంటుంది. అది కూడా నా జాబితాలో ఉంది. రాసింది ఇది:

'చూస్తె రాయి. నీళ్లల్ల ఏస్తె చాయ్ అయ్యేలోపు బురద. వానకాలం దీన్ని రాయి అని నమ్మొద్దు.'

సికింద్రాబాద్ తిరిగొచ్చాం. క్లయింటు తొందర పెడుతున్నాడు. ఇక్కడ నేను చేసిన తప్పు మా పనిలో ఉన్నవాళ్లు మాత్రమే చేయగలిగేది. మట్టిలో గులక ఎంత, ఇసుక ఎంత, బంక ఎంత అని తేల్చడానికి జల్లెళ్ల వరుస ఉంటుంది. ఇలాంటి మట్టిని ఒక రాత్రంతా నానబెట్టి, నీళ్లతో కడుగుతూ జల్లించాలి. నేను ఓవెన్‌లో ఎండబెట్టి, పొడిగా, మిషన్ మీద పది నిమిషాలు ఆడించి జల్లించాను. ఓవెన్‌లో ఎండిన గడ్డలు రాళ్లలా బిగుసుకుని పై జల్లెడలోనే నిలిచిపోయాయి. వాటన్నింటినీ గులకరాళ్ల లెక్కలో వేశాను. నూటికి నలభై ఒక్క పాళ్లు గులక. అంత గులక ఉంటే గోడ నిటారుగా నిలబడుతుంది. అలాగే రాశాను.

ఓవెన్ తలుపు మూస్తుంటే ఆయన వెనక నుంచి అన్నాడు: "మట్టికి మూడు మొఖాలుంటయ్ సారూ. ఎండల ఒకటి, వానల ఒకటి, ఓవెన్ల ఒకటి. మూడోది మనం పెట్టిందే."

"టైమ్ లేదన్నా" అన్నాను.

ఆయన లాగ్‌ను కంప్యూటర్‌లోకి ఎక్కించేది నేనే. మూడు మీటర్ల గడిలోకి వచ్చేసరికి 'వాతావరణానికి శిథిలమైన సిల్ట్‌స్టోన్ ముక్కలు' అని ఇంగ్లీషులో కొట్టి, ఆయన మూడు వాక్యాలూ తీసేశాను. నాకు నేను చెప్పుకున్న కారణాలు రెండు. ఒకటి, చాయ్ అనేది ప్రమాణం కాదు. రెండు, రిపోర్టు ఇంగ్లీషులో ఉంటుంది. మూడో కారణం అప్పుడు చెప్పుకోలేదు, ఇప్పుడు రాస్తున్నాను. నా నలభై ఆరు పేజీలలో ఆ మూడు వాక్యాలంత బాగున్నది ఏదీ లేదు. అవి లోపల ఉంటే పెద్దసార్ అవే చదువుతారు.

మా రిపోర్టు బయటికి వెళ్లే ముందు ప్రతి పేజీ కింద ఇంజనీరు పొట్టి సంతకం పెట్టాలి. మూడు కాపీలు. బైండింగ్‌కు పంపే రోజు సాయంత్రం ఆయనే ఆ కట్ట తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. పక్కన నిలబడి ఒక్కో పేజీ కొస ఎత్తి పట్టుకుంటే నేను సంతకం పెడుతూ పోయాను. కొత్త పెన్ను కొన్నాను అందుకోసం. ప్రతి సంతకమూ ఒకేలా రావాలని దాని మీదే నా ధ్యాసంతా. మెట్లు ఎక్కినా లెక్కపెట్టుకునేవాడిని, ఆ రోజు పేజీలు లెక్కపెట్టలేదు.

ఇరవై రోజులైంది. పెద్దసార్ చేతిలో ఫోనుతో మెట్లు దిగి వచ్చారు. పెద్దసార్ అలా కిందికి రావడమే అరుదు.

"ఏమయ్యా, ఆ గుట్ట రిపోర్టులో చివరి పేజీ నోట్ ఉంది చూడు, క్లయింటు వాళ్ల చీఫ్ ఇంజనీర్ ఇప్పుడే ఫోన్ చేశాడు. నలభై ఆరు పేజీలు చదివితే అర్థం కానిది ఆ ఒక్క పేజీలో అర్థమైందట. స్లోప్ అంతా మార్చేస్తున్నారు. మెట్లు మెట్లుగా తొలుస్తారట, పైన డ్రెయిన్ పెడుతున్నారట. వానలు అయిపోయేదాకా ముట్టుకోరట."

నాకు ఏ నోటో తెలియలేదు. ఆఫీసు కాపీ తెరిచాను. నలభై ఏడో పేజీ ఉంది. 'ఫీల్డ్ గమనిక' అని శీర్షిక. మా పాత రిపోర్టుల్లో దొరికే మాటలతోనే, సాదా ఇంగ్లీషులో టైపు చేసిన ఆరు వాక్యాలు. ఎండినప్పుడు రాయిలా కనిపించే ఈ ముక్కలు నీళ్లలో పది నిమిషాలలోపే బురద అవుతున్నాయి. గుట్ట మీది చెట్లు మొదళ్ల దగ్గర వంగి ఉన్నాయి, అంటే వాలు ఇప్పటికే కదులుతోంది. కాబట్టి తొలిచిన గోడను రాతిగోడ అనుకోవద్దు, నిటారుగా వదలొద్దు. మిగిలిన మూడూ నీళ్ల దారి గురించి. కింద నా సంతకం. అసలైనది. కొత్త పెన్నుతో పెట్టింది.

"ఇన్నాళ్లకు రాయడం తెలిసిన ఇంజనీరు దొరికాడయ్యా మనకు" అన్నారు పెద్దసార్, గది మొత్తానికీ వినబడేలా.

కిటికీ దగ్గర స్టూలు మీద ఆయన చాయ్ తాగుతున్నాడు. గ్లాసులోకి చూస్తున్నాడు, నా వైపు కాదు.

"థాంక్యూ సార్" అన్నాను నేను.

ఆ సాయంత్రం మిగిలిన శాంపిల్‌ను నానబెట్టి, మర్నాడు పొద్దున నీళ్లతో కడిగి జల్లించాను. నలభై ఒకటి కాస్తా ఆరైంది. అరచేతిలో పట్టేంత గులక. ఆ రోజు పని అయ్యాక ఆయన వెంట నడిచాను. రాంగోపాల్‌పేట్‌లో ఆయనకు అలవాటైన ఇరానీ హోటల్ ఉంది; అక్కడ కూర్చున్నాం.

"ఎందుకు చేశారలా?"

"ఏం చేసిన? సంతకం నువ్వే పెట్టినవ్."

"చదవకుండా పెడతానని మీకెలా తెలుసు?"

"మొదటి రిపోర్టు ఎవడు సదువుతడు? పెండ్లి ఫోటోకు నిలబడ్డట్టు నిలబడ్తరు. నువ్వైతే జెర మెడ సుత వంచినవ్."

"చదివి ఉంటే?"

"ఇంకా మంచిగుండు. సిగ్గుతోటి నువ్వే పెడ్తుంటివి."

"పెద్దసార్‌కు చెప్పొచ్చుగా, నేను మీ రిమార్కు తీసేశానని."

"చెప్తే నీ పేరు ఖరాబైతది. నువ్వు మల్ల నాతోటి ఫీల్డుకు రావు. నీ తర్వాత ఎవడొస్తడో ఏమో! నువ్వైతే కనీసం గొడవ పెట్టుకుంటవ్. డ్రైవర్ తోటి ఐదు దినాలు నేనొక్కన్నే అంటే బోర్ సారూ, ఆయన మాట్లాడడు."

నేను బిస్కెట్ తుంచి చాయ్‌లో ముంచాను.

"మీ పేరే పెట్టి ఉండాల్సింది అక్కడ" అన్నాను.

ఆయన మొదటిసారి చిరాకు పడ్డాడు. "నా పేరు పెడ్తె ఆ పేజీ సదువుతరా? పదో తరగతోడు చెప్పిండని గుట్ట తొలిచేది ఆపుతరా? ఏందీ మాటలు! ఆడ పిల్లలుంటరు గోడ కింద. నీ సంతకం కావాల్సి ఉండె, తీస్కున్న. అంతే. ఇంక నువ్వు పరేషాన్ కాకు." తర్వాత గొంతు తగ్గించి అన్నాడు: "ఇరవై ఏండ్ల సంది రాస్తున్న. నా రాత కింద ఎవ్వరూ సంతకం పెట్టలే. నువ్వే ఫస్ట్."

నేను బిల్లు కోసం చెయ్యి ఎత్తాను.

ఆ తర్వాత రెండేళ్లు గడిచాయి. చాయ్ గ్లాసు పరీక్ష నా పేరు మీదికి వచ్చేసింది. కొత్తగా చేరినవాళ్లకు పెద్దసార్ "మనవాడి గ్లాస్ టెస్ట్" అని పరిచయం చేసేవారు. ఆయన ఇంకా ముందుకు పోయాడు. గడ్డ నీళ్లలో వేసి, గది అవతల నుంచి కేకేసేవాడు: "ఎంటెక్ సాబ్! నీ టెస్ట్ పెట్టిన, వచ్చి సూడు!" అందరూ నవ్వేవారు, ఆయన నన్ను ఆటపట్టిస్తున్నాడని వాళ్లకు తెలియదు, మెచ్చుకుంటున్నాడనుకునేవారు. దాదాపు ఆరు వందల పనిదినాలు. ఏ ఒక్క రోజైనా పైకి పదహారు మెట్లు ఎక్కి నిజం చెప్పి ఉండొచ్చు. ఎక్కేవాడిని కూడా, వేరే కాగితాలతో.

ఎందుకు చెప్పలేదంటే, భయం కొంచెమే. ఆ పేజీ నాదయి ఉండాలన్న కోరిక ఎక్కువ. ఒకసారి ఒంటరిగా కూర్చుని అలాంటి ఆరు వాక్యాలు ఇంకో సైటు గురించి రాసి చూశాను. తొమ్మిది డ్రాఫ్టులు. ఏదీ అలా రాలేదు.

ఈ ఏడు వానాకాలం మొదట్లో ఆయన గుండెకు ఏదో అయిందని పని మానేశాడు. అందరూ వెళ్లి చూసి వచ్చారు. నేను వెళ్లలేదు. ఆ హాస్టల్ వెనక గోడ రెండు వానాకాలాలు దాటి చెక్కుచెదరకుండా ఉందని కబురు తెలిసింది. అదైనా ఫోను చేసి చెప్పొచ్చు. చెప్పలేదు. ఆ తర్వాత ఆయన పోయాడు.

మొన్న ఆదివారం జాబితా రాసిన సాయంత్రం రెజిమెంటల్ బజార్‌లో ఆయన ఇంటికి వెళ్లాను. రెండు గదులు. గోడకు ఆయన ఫోటో, తెల్ల చొక్కాలో. ఆయన భార్య నన్ను చూడగానే గుర్తుపట్టింది. ఇదివరకు ఎన్నడూ చూడకపోయినా.

"రండి సారూ. ఎంటెక్ సారు మీరే కదా? కూసోండి. చాయ్ పెడ్త."

చాయ్ తెచ్చి ఇచ్చి, అల్మారాలోంచి ప్లాస్టిక్ కవరు తీసింది. అందులో నలభై ఏడో పేజీ జిరాక్స్. మడతల దగ్గర అరిగిపోయింది.

"ఇది మస్తు పానం ఆయనకు. ఇంటికొచ్చినోళ్లకల్లా తీసి సూపెట్టేటోడు. మా సారు రాసిండు, సూడుండ్రి ఎంత మంచిగ రాసిండో అని. ఇంగ్లీషు రానోళ్లకు సుత సదివి వినిపించేటోడు."

నేను చాయ్ తాగుతూ తల ఊపాను. మంచి చాయ్. ఆమె ఎదురుగా చాప మీద కూర్చుని, ఆయన ఆఖరి రోజుల గురించి, ఉప్పు లేని కూర మీద ఆయన పెట్టిన పేచీల గురించి చెప్పింది. నా నాలుక చివరి వరకు ఆ మాట వచ్చింది, మూడుసార్లు. మూడుసార్లూ చాయ్‌తో పాటు మింగాను. గ్లాసు ఖాళీ అయింది. కింద పెట్టి, వస్తానమ్మా అని లేచాను. ఆమె గుమ్మం దాకా వచ్చింది.

కుడి చెప్పు వేసుకున్నాను. ఎడమ చెప్పు పట్టీ పెడుతూ, వంగి ఉండగానే, నేల వైపు చూస్తూ అన్నాను:

"అమ్మా, అది నేను రాయలేదు. ఆ కాగితం. ఆయనే రాశాడు. నేను చదవను కూడా చదవలేదు."

తలెత్తాను. ఆమె కళ్లలో నీళ్లున్నాయి, పెదవులు మాత్రం నవ్వుతున్నాయి.

"నాకు ఎర్కే సారూ. నాకు తప్ప ఎవ్వరికీ చెప్పలే ఆయన."

"మరి మీరు..."

"పోయే ముంగట చెప్పిండు. ఆ సారు ఒకనాడు వస్తడు, చాయ్ ఇయ్యి, కాగితం సూపెట్టు అన్నడు. చాయ్ అయ్యేదాంక చెప్పడు, చెప్పులేసుకునేటప్పుడు చెప్తడు, సూడు కావాలంటే, అన్నడు."

ఎడమ చెప్పు ఇంకా సగమే ఎక్కింది నా కాలికి. లోపల గోడ మీద తెల్ల చొక్కా కనిపిస్తోంది.

ఆయన అంచనా తప్పింది నాకు తెలిసి ఒక్కసారే, బొల్లారంలో. ఒక్క గుక్క ముందు చెప్పి ఉంటే అది రెండోసారి అయ్యేది.